తెర మీది పాఠం ఎవరి భాషలో?



మన గూడేల బడుల్లోకి కొత్త వస్తువులు వచ్చాయి. ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్ వచ్చింది. హైస్కూల్ గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఎక్కింది. పాఠ్యపుస్తకం ప్రతి పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంది. సారు హాజరు ఫోన్‌లో, పిల్లల హాజరు ఫోన్‌లో, మధ్యాహ్న భోజనం లెక్క కూడా ఫోన్‌లోనే. ఇప్పుడు కృత్రిమ మేధ, అంటే ఏఐ, పిల్లలకు చదవడం నేర్పిస్తదని అంటున్నారు.

ఇవి రావడం తప్పు కాదు. పట్నం పిల్లలకు అందేది మన పిల్లలకు కూడా అందాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆదివాసీ పిల్లలకు పలక, బలపం చాలు, ట్యాబులెందుకు అనేవాళ్లతో మనకు పేచీ ఉంది. అడగాల్సింది వేరే ప్రశ్న. ఆ తెర మీది పాఠం ఏ భాషలో ఉంది? దాన్ని ఎవరు తయారు చేశారు? అది అర్థం కాని పిల్లకు విడమరచి చెప్పే మనిషి తరగతిలో ఉన్నాడా? ఈ మూడింటికీ జవాబు లేకుండా ఎన్ని డబ్బాలు పంచినా చదువు రాదు.

ఇప్పటిదాకా జరిగింది ఒకసారి వరుసగా చూద్దాం. 2017 సెప్టెంబర్ 5న కేంద్రం దీక్షా అనే వేదిక మొదలుపెట్టింది. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే వీడియోలు అక్కడివే. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు ముందే ఎక్కించి ఉన్నాయి. మరుసటి ఏడాది డిసెంబర్ 21న రెండో విడత పంపిణీ మొదలైంది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలోనే. 2025లో తెలంగాణ ప్రభుత్వం కొన్ని ప్రాథమిక బడుల్లో ఏఐ సాయంతో తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు నేర్పించడం ప్రారంభించింది.

దూరదర్శన్ నుంచి ఏఐ దాకా ఈ వరుసలో ముందు నడిచింది తెలుగు, ఇంగ్లిషే, కోయ కాదు. గోండి కాదు. కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, ఏదీ కాదు.

దీనివల్ల ఏమవుతదో ఒక చిన్న మాటతో చెప్తాం. తెలుగు పాఠంలో "ఊరి పక్కన ఏరు ఉంది" అని ఉందనుకోండి. తెలుగులో ఏరు అంటే వాగు, నది. మన గోండిలో, కోయలో ఏర్ అంటే నీళ్లు. ట్యాబ్ అడుగుతది: ఏరు అంటే ఏమిటి? కింద నాలుగు జవాబులు. వాటిలో నీళ్లు ఒకటి, నది ఒకటి. కోయ పిల్ల ఆలోచించకుండా నీళ్లు అనే దాని మీద వేలు పెడతది. ఎర్ర గుర్తు పడతది. పిల్లకు ఎందుకు తప్పయిందో తెలియదు. ఇంట్లో అవ్వ రోజూ అనే మాటే కదా అది!

అదే కోయ తెలిసిన సారు ఉంటే నవ్వి ఊరుకుంటడు. "మన ఏర్ నీళ్లు, వాళ్ల ఏరు ఆ నీళ్లు పారే వాగు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తడు. పిల్లకు ఒక తెలుగు మాట వచ్చింది, తన భాషకూ తెలుగుకూ ఉన్న చుట్టరికం కూడా తెలిసింది. మిషన్ మాత్రం ఇంకో లెక్క వేసుకుంటది. ఈ పిల్ల తెలుగులో వెనకబడిందని రాసుకుని ఇంకా కింది స్థాయి పాఠం ముందు పెడతది. అట్లా పది ప్రశ్నలకు పది ఎర్ర గుర్తులు పడితే పిల్ల ఏమనుకుంటది? తనకు చదువు రాదనుకుంటది. సర్కారు లెక్కలో కూడా అదే పడతది.

కోయ, గోండి తెలుగుకు చుట్టాలైన భాషలు. సవర సంగతి చూడండి. అది ముండా కుటుంబం భాష. ముండారీ, సంతాలీలకు దగ్గర, తెలుగుకు ఏమాత్రం సంబంధం లేదు. సీతంపేట కొండల మీద ఆరేళ్ల సవర బిడ్డకు తెలుగు వీడియో అంటే బొమ్మలు కదిలే శబ్దం, అంతే. ఆ వీడియోను పది సార్లు వెనక్కి తిప్పి చూపించినా అది పాఠం కాదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన నేల మీద దీనికి వందేళ్లు దాటిన అనుభవం ఉంది. గిడుగు రామమూర్తి అనగానే అందరూ వ్యావహారిక తెలుగు ఉద్యమం గుర్తు చేసుకుంటరు. అంతకంటే ముందే ఆయన పర్లాకిమిడి ప్రాంతంలో సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు తయారు చేశారు. కుమ్రం భీం అమరత్వం తర్వాత నిజాం సర్కారు ఆదిలాబాద్ వైపు తిరిగి చూడక తప్పలేదు. 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేశారు, గోండి వాచకాలు అచ్చు వేయించారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో ఎనిమిది భాషల్లో మళ్లీ అదే పని మొదలైంది. తెలుగు లిపిలో మన భాషల పుస్తకాలు వచ్చాయి. మొదట ఇంటి భాషలో చదవడం, రాయడం, ఆ మీద మెల్లగా తెలుగు, ఇంగ్లిష్.

ఈ మూడు ప్రయత్నాల్లోనూ కనిపించేది ఒక్కటే. మన భాష తెలిసిన మనిషిని ముందు పెట్టారు, పుస్తకం ఆయన చేతికి ఇచ్చారు. ఇప్పుడు వరుస తిరగబడింది. వస్తువు ముందు వస్తున్నది, మనిషి వెనక్కి పోతున్నడు.

2020 సంవత్సరమే తీసుకోండి. షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కదిలించలేదు, కానీ ఇక ముందు ఆ దారి మూసేసింది. అప్పుడు మనం లాక్‌డౌన్‌లో ఉన్నం. రోడ్డు మీదికి వచ్చి అడిగే వీలు కూడా లేదు. నాలుగు నెలలు తిరిగేసరికి టీవీల్లో పాఠాలు మొదలయ్యాయి. ఆ రెండింటికీ నేరుగా సంబంధం లేదు, నిజమే. కానీ గూడెం బడి వైపు నుంచి చూస్తే ఒకే ఏడాదిలో మన భాష మాట్లాడే పంతులు వచ్చే దారి మూతపడ్డది, మన భాష మాట్లాడని తెర తెరుచుకుంది.

ఇట్లా మనిషిని వదిలి వస్తువును నమ్ముకుంటే ఏమవుతదో పెరూ దేశం చూపించింది. అక్కడి కొండ ప్రాంతాల్లో కెచువా, ఐమారా లాంటి ఆదివాసీ భాషలు మాట్లాడే ప్రజలు ఉన్నారు. ఆ దేశ ప్రభుత్వం పేద పల్లెల బడి పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాపులు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనం ఏం తేల్చింది? పిల్లలకు కంప్యూటర్ వాడడం వచ్చింది. లెక్కల్లో, భాషలో మాత్రం మార్పు కనిపించలేదు. టీచర్లకు సరైన శిక్షణ లేదు, పాఠంతో ఆ యంత్రాన్ని కలిపినవాళ్లు లేరు. సముద్రాలకు అవతల జరిగిన కథే, కానీ చదువుతుంటే మన ఐటీడీఏ బడి గుర్తొస్తది.

ఇక్కడ ఇంకో చిక్కు. పాఠాలు ఒక ప్రైవేట్ కంపెనీవి అయినప్పుడు ఆ కంపెనీ మంచిచెడ్డలతో మన పిల్లల చదువు ముడిపడి ఉంటది. 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక పంతులు బదిలీ అయితే ఇంకో పంతులును అడుగుతం, ఎంఈవో ఆఫీసు ముందు కూర్చుంటం. కంపెనీ మూతపడితే ఎవరిని అడగాలె? పగిలిన ట్యాబ్ అద్దం బాగు చేయించుకోవాలంటే గూడెం నుంచి పాడేరుకో, భద్రాచలానికో, ఉట్నూరుకో పోవాలె. ఒక రోజు కూలి పోతది, బస్సు చార్జీ పోతది. అందుకే చాలా ఇళ్లలో అది గుడ్డలో చుట్టి పెట్టెలో భద్రంగా ఉంటది.

సిగ్నల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం దేశంలో 4జీ అందని 24,680 గ్రామాలకు టవర్లు వేయడానికి 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. అంటే ఆన్‌లైన్ చదువు అని ఊదరగొట్టిన రెండేళ్ల తర్వాత కూడా అన్ని ఊళ్లకు 4జీ లేదని సర్కారే ఒప్పుకున్నట్టు. అదే 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు ఫోన్ యాప్‌లో ముఖం చూపించి హాజరు వేయాలనే నిబంధన వచ్చింది. సిగ్నల్ లేని కొండ మీద ఏకోపాధ్యాయ బడిని ఊహించుకోండి. ఉన్న ఒక్క సారు హాజరు పడడం కోసం ఫోన్ పట్టుకుని గట్టెక్కితే కింద తరగతి ఎవరు చూడాలె? సార్లు బడికి రావాలె, డుమ్మా కొట్టేవాళ్ల మీద నిఘా ఉండాలె, అది మన డిమాండే. కానీ ఆ నిఘా గూడెం తల్లిదండ్రుల చేతిలో ఉంటే ఏ సిగ్నలూ అక్కర్లేదు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలె. అసర్ 2023 నివేదిక గ్రామీణ భారతంలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చిన మగపిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది 43.7 శాతం మందికి. ఆడపిల్లల్లో 19.8 శాతం మందికే. చదువు ఫోన్‌లోకి పోయేకొద్దీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటదో చదువు కూడా వాళ్ల చేతికే పోతది. తమ్ముడు గేమ్ ఆడి చార్జింగ్ అయిపోయాక అక్కకు ఫోన్ దొరికితే ఆమె ఏం చదువుతది? ఇది సర్కారును అడిగే ప్రశ్న కాదు, మన ఇళ్లలో మనమే సరిచేసుకోవాల్సింది.

ఇంతా చెప్పి, మంచి జరగడం లేదంటే అబద్ధమవుతది. ల్యాబ్ లేని ఆశ్రమ పాఠశాలలో గుండె కొట్టుకునే తీరు, రసాయనాలు కలిసే తీరు వీడియోలో చూసిన పిల్ల దాన్ని మర్చిపోదు. సైన్స్ టీచర్ పోస్టు ఖాళీగా ఉన్నచోట ఆ ప్యానెలే దిక్కు. నీట్‌కో, డీఎస్సీకో చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు హైదరాబాద్, విశాఖ కోచింగులకు డబ్బు కట్టలేక యూట్యూబ్ పాఠాలతో నెట్టుకొస్తున్నారు. చూపు సరిగా లేని పిల్లకు అక్షరం పెద్దది చేసి చూపించే తెర వరమే. పెద్ద తరగతుల్లో, తెలుగు, ఇంగ్లిష్ పట్టుబడిన పిల్లలకు ఇది నిజంగా పనికొస్తది. ఒకటి, రెండు తరగతుల్లో పునాది పడని పిల్లకే ఇది పనికిరాదు. మన పిల్లలు బడి మానేసేది ఆ పునాది లేకనే.

మన ఇళ్లలోనే వినపడే ఒక మాటకు కూడా జవాబు చెప్పుకోవాలె. "గోండిలో చదివితే ఉద్యోగమొస్తదా? ఇంగ్లిష్ చెప్పండి చాలు" అంటరు తల్లిదండ్రులు. వాళ్ల ఆరాటం న్యాయమైనదే. తెలుగు రాక సంతలో, ఆఫీసులో, ఆస్పత్రిలో అవమానాలు పడ్డది వాళ్లే. కానీ గోండి చెప్పమంటే ఇంగ్లిష్ వద్దని కాదు. తెలిసిన భాషలో అక్షరం, లెక్క పట్టుబడితే రెండో భాష, మూడో భాష తొందరగా వస్తాయి. తెలుగు పిల్లకు తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లిష్‌కు తీసుకుపోతున్నారు కదా! కోయ పిల్లకు మాత్రం ఆ మొదటి మెట్టు తీసేసి ఎక్కమంటున్నారు. రాజ్యాంగం 350ఏ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని చెప్తది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలోనే ఉండాలంటది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే అంటది. వీలైనంత వరకు అనే మాట దగ్గరే మనల్ని ఆపేస్తున్నారు. ఇప్పుడు టెక్నాలజీ ఆ సాకును కూడా తీసేసింది.

ఎట్లాగంటే, మన భాషలకు పుస్తకాలు లేవు, లిపి లేదు, అచ్చు వేస్తే ఖర్చు అని ఇన్నాళ్లూ చెప్పారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత రాతప్రతుల్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ఏడాది ముందే మసరాం గోండి లిపి చేరింది. సవరల సోరంగ్ సోంపెంగ్ 2012లోనే చేరింది. అంటే ఈ లిపులు ఇప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాయొచ్చు. తెలుగు లిపిలో మన భాష రాయడం అంతకంటే తేలిక. 2025 సెప్టెంబర్ 1న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆదివాణి అనే ఏఐ అనువాద యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి ఉన్నాయి. కోయ, కొలామీ, సవర, కువి ఆ మొదటి జాబితాలో లేవు. గోండి కూడా అంతటా ఒక్క తీరుగా ఉండదు, ఆదిలాబాద్ గోండి వేరు, బస్తర్ గోండి వేరు. అయినా ఒక సంగతి రుజువైంది. సర్కారు అనుకుంటే మన భాషను మిషన్‌కు నేర్పించొచ్చు.

మిషన్ నేర్చుకునేది మనుషుల నుంచే. మన అవ్వలు చెప్పే కథలు, పెర్సాపేన్ పూజ మాటలు, విత్తనాల పేర్లు, మందు చెట్ల పేర్లు రికార్డు చేసి ఎక్కిస్తేనే దానికి భాష వస్తది. అందుకే యువతకు ఒక హెచ్చరిక. ఆ మాటలు ఎవరివి, ఎక్కడికి పోతున్నాయి, వాటితో ఎవరు సంపాదిస్తారు అని అడగకుండా ఎవరికీ ఇవ్వొద్దు. అడవిలో ఉసిరికాయ, ఇప్పపువ్వు తక్కువ ధరకు కొనుక్కుపోయిన షావుకారును చూసినం. మాటల సంతలో కూడా షావుకార్లు ఉంటరు. పెద్దల అనుమతి, ఊరి అనుమతి ఉండాలె. బయటికి చెప్పకూడని పూజ మాటలు బయటికి పోకూడదు. పిల్లల సమాచారానికి కూడా ఇదే వర్తిస్తది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలనే నియమం పెట్టింది. బడుల లాంటి వాటికి మినహాయింపులు ఇచ్చే వీలు కూడా అందులోనే ఉంది. కాబట్టి వేలిముద్ర పెట్టమనే ముందు ఆ కాగితంలో ఏముందో మన భాషలో చదివి వినిపించమని అడగాలె.

మరి ఏం చేద్దాం? మన చేతిలో ఒక ఆయుధం ఉంది. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ సామాజిక రంగాల సంస్థల మీద, అందులో పనిచేసే సిబ్బంది మీద అదుపు గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలంటది. బడి సామాజిక రంగంలోకే వస్తది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మోహ్‌గావ్‌లో మన గోండు బంధువులు 2019లో గ్రామసభ బలంతోనే గోండి మాధ్యమం బడి పెట్టుకున్నారు. గుర్తింపు కోసం వాళ్లు కష్టాలు పడ్డారు, కానీ బడి ఎవరి కోసం అనే ప్రశ్నకు జవాబు చేతలతో చెప్పారు.

మన గ్రామసభల్లో ఈ తీర్మానాలు పెడదాం.

ఒకటి, ఒకటి నుంచి మూడు తరగతుల దాకా ప్రతి బడిలో పిల్లల ఇంటి భాష తెలిసిన టీచర్ ఉండాలె. మాతృభాషా విద్యా వలంటీర్లను ఏటా రెన్యువల్ కోసం ఐటీడీఏ చుట్టూ తిప్పడం ఆపి పర్మినెంట్ చేయాలె. జీవో 3 స్థానంలో రాజ్యాంగానికి నిలబడే కొత్త చట్టం తేవాలె.

రెండు, బడికి ఇచ్చే ప్రతి ట్యాబ్‌లో, ప్యానెల్‌లో ఆ ఊరి భాషలో పాఠాలు, కథలు ఉండాలె. 2004 తర్వాత తయారైన మన భాషల పుస్తకాలు ఎక్కడో గోదాముల్లో ఉండకుండా ముందు వాటిని డిజిటల్ చేయాలె. అది పెద్ద ఖర్చు కాదు.

మూడు, పాఠాలు నెట్ లేకపోయినా పనిచేయాలె. బడికి సోలార్ ఉండాలె. చెడిపోతే మండలంలోనే బాగు చేసే ఏర్పాటు ఉండాలె. ఆ పని ఐటీఐ చదివిన మన పిల్లలకే ఇవ్వాలె.

నాలుగు, ఏఐ పెట్టే పరీక్షలో వెనకబడిందని ఏ పిల్లకూ ముద్ర వేయొద్దు. ఆ పిల్లను తన భాషలో అడిగి చూశాకే ఏదైనా రాయాలె.

తీర్మానం కాపీ ఎంఈవోకు ఒకటి, ఐటీడీఏ పీవోకు ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి.

యువత చేయాల్సిన పని ఇంకోటి ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఫోన్ మీ జేబులోనే ఉంది. ఈ సెలవుల్లో ఒకటో తరగతి తెలుగు వాచకం తీసుకోండి. ఒక్కో పాఠాన్ని మీ భాషలో ఎట్లా చెప్తారో మీ బడిలో చదివే చెల్లెలికి చెప్తున్నట్టు ఐదు నిమిషాలు రికార్డు చేయండి. మీ ఊరి సారుకు బ్లూటూత్‌లో పంపండి. ఏరు అనే మాట దగ్గర ఆగి, మన ఏర్ ఏమిటో వాళ్ల ఏరు ఏమిటో చెప్పండి. సర్కారు, కంపెనీ చేయలేకపోయిన పాఠం అది. ఆ పాఠం విన్న పిల్ల రేపు ట్యాబ్ ముందు కూర్చున్నప్పుడు ఎర్ర గుర్తు పడితే తనకు చదువు రాదనుకోదు. దీనికి మన భాష రాదనుకుంటది.

మావా నాటే, మావా రాజ్. మన ఊరి బడిలో మన మాట కూడా ఉండాలె.

జోహార్!